ఉస్తాద్ తెల్లపన్ను

మా దగ్గర కట్టుడు పళ్ళు చేయించుకున్నవాళ్ళు ఖర్జూరం తినకుండా ఇంటికి వెళ్ళడానికి లేదు. అది ఉస్తాద్ పెట్టిన రూలు. డాక్టరమ్మ పళ్ళ సెట్టు నోట్లో అమర్చి, అద్దం చూపించి, అంతా అయిపోయిందని చేతులు కడుక్కున్నాక ఆయన వెనక గదిలోంచి ఒక పళ్ళెం పట్టుకుని వస్తాడు. అందులో గింజ తీయని ఖర్జూరాలు నాలుగు, చిన్న కప్పులో కాఫీ. వచ్చిన మనిషి ఆ ఖర్జూరం కొరికి, నమిలి, గింజ ఒక్కటే బయటికి ఊయాలి. గింజతో పాటు పళ్ళు కూడా కదిలాయంటే ఆ సెట్టు మళ్ళీ పైకి, మా బల్లల మీదికి వచ్చేస్తుంది.

"తినేటప్పుడు తీసి జేబులో పెట్టుకునే పళ్ళు ఎవరి కోసం?" అని అడుగుతాడు ఆయన. ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆయన చూసింది అదేనట. ఈ సముద్రం ఒడ్డు ఊళ్ళలో ముసలివాళ్ళు పెళ్ళికి పళ్ళు పెట్టుకుని వచ్చి, భోజనం ముందుకు రాగానే తీసి జేబులో వేసుకునేవాళ్ళట. అందరూ నవ్వుకుంటే ఆయనకి కోపం వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు మీద మస్కట్‌లో ఒక ఆస్పత్రికి పళ్ళు చేసే టెక్నీషియన్‌గా వచ్చిన జపాన్ మనిషి, కాంట్రాక్టు అయిపోయాక ఇంటికి పోకుండా అల్ సువైక్‌లో ఒక మందుల షాపు వెనక గది తీసుకున్నాడు. ఖర్జూరం తోటలున్న ఒక ఒమానీ పెద్దమనిషి తన పేరు మీద లైసెన్సు తీయించి ఆయనకి తోడు నిలబడ్డాడు. ఉస్తాద్ సొంతంగా చేసిన మొదటి సెట్టు ఆ పెద్దమనిషి నోట్లోదే.

ఆ ఒక్క గది ఇప్పుడు రెండంతస్తుల బిల్డింగ్ అయింది. కింద క్లినిక్, పైన ల్యాబ్. పదకొండు మందిమి. మస్కట్‌లో దార్సైట్ నుంచి ఇటు ఖబూరా దాకా చాలా క్లినిక్కుల పళ్ళు మా చేతుల మీదుగానే పోతాయి. ఊళ్ళో అందరూ ఆయన్ని డాక్టర్ అంటారు. అన్న ప్రతిసారీ ఆయన ఆగి, "డాక్టర్ కాదు, పళ్ళు చేసేవాణ్ణి" అని సరిదిద్దుతాడు. మేము ఉస్తాద్ అంటాం. ఆ పేరు మొదలుపెట్టింది మాతో పనిచేసే కడప భాయ్. దానికి మాత్రం ఉస్తాద్ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

నాది జగిత్యాల వైపు. నేను పళ్ళ పని నేర్చుకుని ఇక్కడికి రాలేదు. కంపెనీ వీసా మీద వచ్చిన ప్లాస్టరింగ్ మేస్త్రీని. మొదట సైట్లలో గోడలు పూశాను, తర్వాత జిప్సం సీలింగులు చేశాను. ఉస్తాద్ కొత్త బిల్డింగ్‌కి సీలింగ్ వేయడానికి కంపెనీ నన్నూ ఇంకో ఇద్దరినీ పంపింది. నేను బకెట్లో జిప్సం కలుపుతుంటే ఒక బక్కపల్చటి పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. పని చేస్తుంటే ఎవరైనా వెనక నిలబడితే నాకు ఒళ్ళు మండుతుంది. "క్యా హై?" అన్నాను కొంచెం గట్టిగానే. ఆయన బకెట్లో వేలు ముంచి, తీసి, వెలుతురులో పెట్టి చూసి, "బుడగలు లేవు" అన్నాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మూడోరోజు ఒక గిన్నెలో తెల్లపొడి, నీళ్ళు, ఎవరివో పళ్ళ అచ్చు తెచ్చి నా ముందు పెట్టాడు. పోయమన్నాడు. పోశాను. గట్టిపడ్డాక అచ్చులోంచి తీసి చూస్తే ఎవరో తెలియని మనిషి పైవరస పళ్ళు నా చేతిలో ఉన్నాయి, ఒక్క బుడగ లేకుండా. నెల తిరిగేసరికి మా కంపెనీ అర్బాబ్‌తో, అంటే ఓనరుతో, మాట్లాడి నా వీసా తన మీదికి మార్పించుకున్నాడు. గోడలు పూసేవాణ్ణి తీసుకెళ్ళి పళ్ళ పనిలో పెడుతున్నాడని రూమ్‌లో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఎండలో పని తప్పిందని లోపల సంబరంగానే ఉంది.

మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఊళ్ళో మేము కట్టుకున్న ఇంట్లో వెనక గదిలో ఒక గోడ ఉత్త ఇటుకలతో అలాగే ఉండిపోయింది. సెలవు మీద వెళ్ళిన ప్రతిసారీ పూద్దామనే అనుకుంటాను. సిమెంటు సంచి కూడా తెప్పిస్తాను. ఏదో ఒక పని అడ్డం వస్తుంది, సంచి గట్టిపడిపోతుంది, నేను విమానం ఎక్కేస్తాను. "మందివి గోడలన్ని పూస్తివి, మంది నోర్లల్ల పండ్లు పెడితివి, మన గోడ ఎప్పుడు పూస్తవ్?" అంటుంది ఫోన్లో. "వచ్చే సెలవుల" అంటాను. పదేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు.

ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోవడం అంటే ముందు చాలాకాలం ఏమీ చేయకుండా చూడటం. మూడేళ్ళు అచ్చులు పోయడమే. తర్వాత మైనం పని. ఆ తర్వాత దవడ పళ్ళు. అన్నిటికన్నా చివర ముందు పళ్ళు. పింగాణీ పొడిని నీళ్ళతో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న బట్టీలో కాల్చాలి. ముందు పన్నుది ఒక రంగు కాదు. చిగురు దగ్గర కాస్త పసుపు, నడుమ పాలు కలిపినట్టు, అంచు దగ్గర లోపల్నుంచి వెలుతురు వచ్చేట్టు ఉండాలి. రంగు చూడాలంటే మనిషిని తూర్పు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి పొద్దుటి వెలుతురులోనే చూడాలి. ఎవరైనా ట్యూబ్‌లైట్ కింద రంగు సరిచూస్తే ఆ ఒక్క విషయంలోనే ఆయన గొంతు లేచేది. "దీపం అబద్ధం చెబుతుంది" అనేవాడు. ఇంత చిన్న విషయానికి ఇంత కోపం ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

అంతకన్నా అర్థం కానిది ఆయన సొంత నోరు. పైవరసలో ముందున్న రెండు పళ్ళలో ఒకటి మిగతావాటితో కలవదు. మిగిలినవన్నీ వయసుకీ టీకీ పసుపెక్కాయి. అదొక్కటి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. అది పన్ను మీద వేసిన తొడుగు అని చూడగానే తెలుస్తుంది. "ఎవరికీ కనిపించని పన్నే మంచి పన్ను" అని మాకు పొద్దస్తమానం చెప్పే మనిషి, ఆమడ దూరం నుంచి కనిపించే పన్నుతో తిరుగుతుంటాడు. ఒకసారి కడప భాయ్ ధైర్యం చేసి అడిగేశాడు. ఉస్తాద్ ఆ పన్ను మీద వేలు పెట్టుకుని, "దీని పని ఇంకా అయిపోలేదు. జపాన్ వెళ్ళినప్పుడు రంగు సరిచేయించుకోవాలి" అన్నాడు. ఎవరు ఎప్పుడు అడిగినా అదే మాట. ఇంటికి వెళ్ళరా అని అడిగినా అదే మాట. మేము దాన్ని ఆయన వేళాకోళం కింద జమ కట్టాం.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. ముందు పళ్ళు నా చేతికి వచ్చిన కొత్తలో ఖబూరా నుంచి ఒక ముసలామె వచ్చింది. చేపల పడవలవాళ్ళ ఇంటి మనిషి. ఉన్న నాలుగు పళ్ళూ తీసేసి మొత్తం సెట్టు పెట్టాలి. ఉస్తాద్ ఆమె పాత ఫొటో ఒకటి తెప్పించి నాకిచ్చాడు. అందులో ఆమె ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. "ఇలాగే పెట్టు" అన్నాడు. నేను సరేనన్నాను. మైనంలో పళ్ళు గుచ్చుతున్నాను. నా చేతులు ఇరవై ఏళ్ళు గుండు దారం వేలాడదీసి గోడలు పూసిన చేతులు. వంకర కనబడితే ఊరుకోవు. పోనీ, పాపం, ఇన్నాళ్ళు వంకర పళ్ళతో బతికింది, ఇప్పుడైనా చక్కగా ఉండనీ అనుకున్నాను. వరస తీర్చి, దారం పట్టి చూసుకుని, మురిసిపోయాను. ఉస్తాద్ ఆ వారం మస్కట్‌లో ఉన్నాడు. చూపించకుండానే పని ముగించాను.

ఆమె ఖర్జూరం తిన్నది. గింజ ఊసింది. సెట్టు కదల్లేదు. పక్కనున్నవాళ్ళంతా బాగుందన్నారు. నాలుగోరోజు ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. పళ్ళు తీసి గుడ్డలో చుట్టి తెచ్చింది. "నొప్పి లేదు, అన్నీ తింటున్నాను. కానీ అద్దంలో చూసుకుంటే ఈ నోరు ఎవరిదో అర్థం కావడం లేదు. నాలుగురోజులుగా నవ్వలేదు నేను" అంది. ఆమె కోప్పడలేదు. సిగ్గుపడుతూ చెప్పింది, తప్పేదో తనదైనట్టు.

మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఉస్తాద్ ఆ సెట్టు తీసుకుని, తానే కూర్చుని కొత్తది చేశాడు. ఆమె పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వింది. నేను చేసిందాన్ని ఆయన ఒక గాజు సీసాలో వేసి నా బల్ల మీద పెట్టాడు. "గోడ ఎవరింట్లోదైనా ఒకటే. నోరు ఎవరిది వాళ్ళది" అన్నాడు. అంతే. సైట్‌లో అయితే ఫోర్‌మన్ అమ్మా అక్కా అంటూ తిట్టేవాడు, సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళం. ఈయన తిట్టలేదు కాబట్టి నేను మర్చిపోలేకపోయాను. మర్నాటి నుంచి నాకు దవడ పళ్ళే ఇచ్చాడు. ముందు పన్ను ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. అలా రెండేళ్ళు.

దవడ పళ్ళతోనైనా బతుకు వెళ్ళిపోయేదే. పోయిన ఏడాది ల్యాబ్‌లోకి పళ్ళు చెక్కే మిషన్ వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ పెడితే లోపల అదే చెక్కుతుంది. నాకు రోజంతా పట్టే దవడ పన్ను అది చాయ్ టైమ్‌కల్లా చేసి పెడుతుంది. దాన్ని నడిపేది కడప భాయ్. "ఏమనుకోవద్దు అన్నా, నీ పనంతా ఇదే తినేస్తాండాది" అన్నాడు ఒకరోజు. నవ్వుతూ అన్నాడు గానీ నా బల్ల చూసి అతనికే బాధేసింది. రోజుకి ఒకటో రెండో పళ్ళు మిగులుతున్నాయి నాకు. దవడ పళ్ళు మిషన్ చేస్తుంది. ముందు పళ్ళు ఉస్తాద్ నన్ను ముట్టనీయడు. మరి నేనెందుకు ఇక్కడ? నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఈ మోకాళ్ళతో, మళ్ళీ నిచ్చెనెక్కి సీలింగులు చేయగలనా? వీసా రెన్యువల్ దగ్గర పడుతోంది. అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఆ సీసాలోని తిన్నటి పళ్ళు రోజూ నన్ను చూసి ఇకిలిస్తుండేవి.

ఆ రోజుల్లోనే సకినాల డబ్బా వచ్చింది. మా పక్కూరి మనిషి సెలవు నుంచి తిరిగొస్తుంటే మా ఆవిడ పంపింది. మేనకోడలి పెళ్ళికి చుట్టినవి. ఉస్తాద్‌కి సకినాలంటే ప్రాణం. మొదటిసారి తిన్నప్పుడు కళ్ళు మూసుకుని నమిలి, వాళ్ళ ఊళ్ళో కూడా బియ్యప్పిండితో ఇలాంటివే చేస్తారని, కాకపోతే నువ్వులు ఇన్ని వేయరని చెప్పాడు. అప్పట్నుంచి మా వైపు ఎవరు సెలవు నుంచి వచ్చినా, "ఆ చక్రాలు వచ్చాయా?" అని అడుగుతాడు.

మధ్యాహ్నం చాయ్ దగ్గర డబ్బా మూత తీశాను. ఆయన ఒకటి తీసుకుని అంచు కొరికాడు. టక్కుమంది. సకినం విరిగిన చప్పుడే అనుకున్నాం. ఆయన నమలడం ఆపేశాడు. నోట్లో వేళ్ళు పెట్టి ఒక చిన్న ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తెల్లగా ఉంది. గోడకి పెచ్చు ఊడినట్టు ఆ తెల్లపన్ను ముందు భాగమంతా ఊడొచ్చింది. లోపల నల్లటి లోహం కనిపిస్తోంది.

ఇంకొకరి పన్నైతే ల్యాబంతా నవ్వులతో ఊగిపోయేది. పళ్ళు చేసే మనిషి పన్ను సకినంతో విరగడం కంటే నవ్వొచ్చే సంగతి ఏముంది? కానీ ఆయన మొహం చూశాక ఎవరికీ నవ్వు రాలేదు. అరచేతిలో ఆ పెచ్చుని అలా చూస్తూనే ఉన్నాడు. కన్నతండ్రి మీద చెయ్యి చేసుకున్నట్టు నిలబడిపోయాను నేను. "మాఫ్ కరో ఉస్తాద్" అన్నాను. ఆయన విన్నట్టు లేదు. చేతిరుమాల్లో ఆ ముక్క చుట్టుకుని కిందికి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. కారు స్టార్ట్ చేయలేదు. పై నుంచి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం.

రెండు రోజులు మాస్క్ తీయలేదు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. మూడోరోజు పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి ఒక అచ్చు పెట్టాడు. డాక్టరమ్మ ఆయన నోటికి తీసిన అచ్చు. పక్కనే రుమాలు విప్పి ఆ పెచ్చు కూడా పెట్టాడు.

"నువ్వు చెయ్" అన్నాడు.

నాకు రెండేళ్ళ మంట ఒక్కసారి పైకొచ్చింది. "నేను దవడ పళ్ళవాణ్ణి కదా ఉస్తాద్. ముందు పళ్ళు నాకెందుకిస్తారు?" అన్నాను.

"నీ సకినం విరగ్గొట్టింది. నువ్వే చెయ్." మాస్క్ వెనక నవ్వాడో లేదో తెలియలేదు.

"రంగు?"

"నీకు ఏది సరి అనిపిస్తే అది" అని వెళ్ళిపోయాడు.

అక్కడే చిక్కొచ్చింది. ఆ పెచ్చు పక్కనే ఉంది, దాని రంగు చూసి అచ్చం అలాగే చేసేయొచ్చు. లేదంటే పక్క పళ్ళ రంగుకి కలిపి చేయొచ్చు. కడప భాయ్ మొదటిదే చేయమన్నాడు. "నలభై ఏండ్లు ఆ తెల్లపన్నుతోనే తిరిగినాడు గదా అన్నా. ఖబూరా ముసలామె సంగతి అప్పుడే మర్చిపోయినావా? ఉన్నదాన్ని మార్చి మళ్ళీ సీసా తెచ్చుకుంటావా ఏంది?" అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఇది తప్పితే నాకు ఇంకో సీసా కాదు, ఇంటికి టికెట్టే అని నాకు తెలుసు. రెండు రోజులు ఏమీ చేయకుండా అచ్చు ముందు కూర్చున్నాను.

చివరికి ఆయన్నే అడిగాను, కిటికీ దగ్గర కూర్చోమని. మాకు ఎన్నో నోళ్ళు చూపించి పని నేర్పిన మనిషి, వచ్చినవాళ్ళందరిలాగే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. ఉస్తాద్ నోటిని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. పళ్ళ మధ్య టీ మరకలు. ఒక పన్ను మీద వెంట్రుకంత పగులు. పక్క పన్ను అంచు ఒక మూల చిన్న గాడిలా అరిగిపోయి ఉంది. అది ఎందుకో నాకు వెంటనే తెలిసింది. రెండు చేతులకీ పని పడినప్పుడు ఆయన కుంచె కాడని పళ్ళతో పట్టుకుంటాడు. రోజూ, ఇన్నేళ్ళూ, అదే మూల. ఈ దేశంలో ఆయన పట్టుకున్న కుంచెలన్నీ ఆ గాడిలోనే ఆనుకున్నాయి. ఆ నోరంతా ఇక్కడ పని చేసి చేసి ముసలిదైంది. ఊడిపోయిన ఆ తెల్లపన్ను ఒక్కటే ఇన్నేళ్ళూ ఇవేమీ తనకి పట్టనట్టు ఉండిపోయింది. అది ఆయనది కాదనిపించింది, ఎవరో చుట్టపుచూపుగా వచ్చి కూర్చున్నట్టు. ముసలామెకి ఆమె పళ్ళివ్వడం ఎలా సరైనదో, ఈయనకి ఈయన పన్నివ్వడం అలాగే సరైనది అనుకున్నాను.

మొదటిది చేసి పారేశాను. రెండోది బట్టీలోంచి తీయగానే బాగుందనిపించింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే బాగాలేదు. మూడోదానికి చిగురు దగ్గర పసుపు ఇంకొంచెం పెంచి, లోపలి పొరలో టీ మరకంత గీత వేసి, అంచున ఆ కుంచె గాడిని సగం ఇందులోకి కూడా సాగదీశాను. వంకరని వంకరగా పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా చేతులు అడుగడుగునా మొరాయించాయి.

డాక్టరమ్మ దాన్ని అమర్చింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దం పట్టుకున్నాడు. ఈసారి ఖర్జూరాల పళ్ళెం నేను తెచ్చాను. ఆయన ఒకటి తిని, గింజ పళ్ళెంలో ఊసి, మళ్ళీ అద్దం చూసుకున్నాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను.

"కనిపించడం లేదు" అన్నాడు.

ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఎగిరి గంతేయాలనిపించింది. భాయ్ వైపు తిరిగి మీసం మీద చెయ్యి వేసుకోబోయాను కూడా. అప్పుడు ఉస్తాద్ కళ్ళు చూశాను.

"మా నాన్న కనిపించడం లేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, తనకొచ్చిన ఉర్దూలో, నాకొచ్చిన ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. వాళ్ళ నాన్నకి మంచు బాగా కురిసే ఒక చిన్న ఊళ్ళో రెండు బల్లల పళ్ళ దుకాణం. ఈయన పని నేర్చుకున్నది అక్కడే. ఒమాన్ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మంచు మీద సైకిల్ జారి ఈయన ముందు పన్ను విరిగింది. విరిగిన పన్నుతో పరాయి దేశం వెళ్ళకూడదని నాన్న పట్టుబట్టి కూర్చుని తొడుగు చేశాడు. టైమ్ లేదు, దీపం వెలుతురులోనే రంగు చూసి కాల్చాడు. పొద్దున స్టేషన్‌లో, మంచు వెలుతురులో కొడుకు నవ్వితే, అప్పుడు చూశాడు. "ఒక రంగు ఎక్కువ తెల్లగా వచ్చింది. రెండేళ్ళేగా. నువ్వు రాగానే సరిచేస్తాను" అన్నాడు. రైలు కదిలింది.

"రెండేళ్ళు నాలుగేళ్ళయ్యాయి. దుకాణం మొదలైంది, పని పెరిగింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నాను. నేను వెళ్ళేసరికి నాన్న లేడు, ఆయన బల్ల లేదు" అన్నాడు ఉస్తాద్. "ఆ తర్వాత కూడా ఎవరైనా ఇంటికి వెళ్తావా అంటే, వెళ్ళాలి, పన్ను రంగు సరిచేయించుకోవాలి అనేవాణ్ణి. అక్కడ నాకు ఒక పని మిగిలి ఉంది అనుకుంటే బాగుండేది. ఇప్పుడు ఆ పని అయిపోయింది."

నలభై ఏళ్ళుగా ఆయన నోట్లో కూర్చున్న చుట్టం ఎవరో తెలియక నేను లేపి పంపేశాను. "తీసేయండి ఉస్తాద్. రేపు పొద్దుటికల్లా తెల్లది చేసి ఇస్తాను. ఆ పెచ్చు నా దగ్గరే ఉంది, అచ్చం అలాగే చేస్తాను" అన్నాను. ఏడుపు వచ్చేసింది నాకు, సిగ్గు లేకుండా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఇదే సరైన రంగు. నాన్న సరిచేసి ఉంటే ఇదే రంగు వేసేవాడు." పెచ్చు మాత్రం తిరిగి తీసుకుని రుమాల్లో చుట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నా బల్ల మీద సీసా లేదు. దాని స్థానంలో రెండు ముందు పళ్ళ కేసులున్నాయి. ఒకటి ఖబూరా నుంచి వచ్చింది. సాయంత్రం వీసా రెన్యువల్‌కి నా పాస్‌పోర్ట్ అడిగారు. నేను రెండేళ్ళుగా కోరుకున్నది ఇదే. సంతోషపడ్డాను, కాదనను. కానీ పని చేస్తూ చేస్తూ ఉస్తాద్ తూర్పు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడినప్పుడల్లా, ఆయనకి ఇంకెక్కడికీ వెళ్ళే పని లేదన్న సంగతి గుర్తొచ్చేది.

శుక్రవారం మా ఆవిడకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. మళ్ళీ ముందు పళ్ళు ఇచ్చారని విని సంబరపడింది. పన్ను విరిగిందని విని, "అయ్యో, సకినాలు గంత గట్టిగైనయా?" అని నొచ్చుకుంది. తర్వాత, "ఇంగో మాట. ఎనుక అర్ర గోడకు మేస్త్రిని మాట్లాడిన. సోమారం నుంచి పూస్తడు. నువ్వు ఎట్లనో వచ్చేది లేదు, పూసేది లేదు" అంది.

"వద్దు!" అని అరిచాను. రూమ్‌లో అందరూ తిరిగి చూశారు. "ఆ గోడ ఎవ్వల్ని ముట్టనియ్యకు."

"ఏమైంది నీకు? పదేండ్ల సంది ఉత్త ఇటుకలే ఉన్నయి."

"ఉండనీ. నేనే వచ్చి పూస్త."

"ఎప్పుడు?" అంది, వేళాకోళం లేకుండా. "వచ్చే సెలవుల" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఇన్నేళ్ళూ నేను దాన్ని నా బద్ధకం అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి పది రోజులు సెలవు అడిగాను. మొన్ననే ముందు పళ్ళు ఇచ్చాను, ఇప్పుడు సెలవా అన్నట్టు చూశాడు. ఏం పని అని అడిగాడు. మా ఇంట్లో ఒక గోడ పూయడం మిగిలిపోయిందని చెప్పాను. ఎన్నేళ్ళుగా అని అడిగాడు. పదేళ్ళు అన్నాను.

ఆయన కుంచె కాడని ఆ గాడిలో పట్టుకుని, ఒక చేత్తో సెలవు కాగితం అదిమిపట్టి, రెండో చేత్తో సంతకం పెట్టి, కుంచె తీసి నా వైపు చూశాడు.

"వెళ్ళు. బాగా పూసి రా" అన్నాడు. "కానీ ఎక్కడో ఒక మూల జానెడు వదిలెయ్."

సరే ఉస్తాద్ అన్నాను.